నాలుగు రోజుల పండుగ - నాలుగు ముక్కల ఆట

సంక్రాంతి మనకు పెద్ద పండుగ. జనవరి నెల నడుమ వస్తుంది. భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ. వరుసగా నాలుగు రోజులు.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో అప్పటికి పత్తి తీతలు సాగుతుంటాయి. మిరప తోటల్లో కోతలు మొదలవుతాయి. కోసిన కాయ కల్లంలో ఎండుతుంటుంది. పండుగకు ఆడపడుచులు పుట్టింటికి వస్తారు. కొత్త అల్లుళ్ళు వస్తారు. హైదరాబాదులో, బెంగుళూరులో పని చేసే పిల్లలు వస్తారు. ఏడాది పొడుగునా తలో చోట ఉన్నవాళ్ళు ఒక్కచోట చేరతారు.

పొద్దున తలంట్లు, వంటలు అయిపోతాయి. మధ్యాహ్నం కాస్త తీరిక దొరుకుతుంది. ఆ తీరికలో చాలామంది మగవాళ్ళు పేకాటకు కూర్చుంటారు. ఆడవాళ్ళకు ఆ చాప మీద చోటుండదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వరు. ఒక్కచోట చేరినవాళ్ళు మళ్ళీ తలో దిక్కు అవుతారు.

ఇంటిల్లిపాదీ కలిసి ఆడే ముక్కలాట ఒకటి ఉంది. దానికి డబ్బు అక్కర్లేదు. కొన్న పేక కూడా అక్కర్లేదు. అట్ట ముక్కలు, కలం ఉంటే చాలు. బళ్ళో పిల్లలు కాగితం చీటీల మీద పళ్ళ పేర్లు రాసి ఇలాంటి ఆటే ఆడుకుంటారు. పండుగకు పండుగ పేర్లు రాసుకుంటే సరి.

ముక్కల సంగతి

మామూలు పేకలో నాలుగు రకాల ముక్కలుంటాయి. ఇస్పేటు, కళావరు, ఆటీను, డైమను. ఒక్కో రకానికి 13 ముక్కలు. మొత్తం 52.

మన దేశంలో అంతకు ముందు వేరే ముక్కలు ఉండేవి. మొగలాయిల కాలంలో గంజీఫా అనే ఆట ఆడేవారు. ఆ ముక్కలు ఎక్కువగా గుండ్రంగా ఉండేవి. వాటి మీద చేత్తో రంగుల బొమ్మలు వేసేవారు. దశావతార గంజీఫా అని ఒక రకం ఉంది. అందులో విష్ణుమూర్తి పది అవతారాలు పది రకాలు. ఒక్కో అవతారానికి 12 ముక్కలు. మొత్తం 120.

అంటే ముక్కల మీద ఏ బొమ్మ ఉండాలో ఆడేవాళ్ళే అనుకోవచ్చు. పది అవతారాలతో పేక చేసినట్టే, నాలుగు పండుగ రోజులతోనూ చేయవచ్చు.

ముక్కలు చేసే పద్ధతి

పాత పెళ్ళిపత్రికలు, క్యాలెండరు అట్టలు, నోటుపుస్తకాల అట్టలు తీసుకోవాలి. పేక ముక్కంత సైజులో 16 ముక్కలు కత్తిరించాలి. అన్నీ ఒకే కొలతలో ఉండాలి. వెనక వైపు అన్నిటికీ ఒకే కాగితం అంటించాలి. లేకపోతే వెనక చూసి ముందున్నది కనిపెట్టేస్తారు.

ఒక్కో రోజుకు నాలుగు ముక్కలు. వాటి మీద ఇలా రాయవచ్చు.

భోగి: భోగిమంట, పిడకల దండ, తలంటు, భోగిపళ్ళు.

సంక్రాంతి: ముగ్గు, గొబ్బెమ్మ, అరిసె, హరిదాసు.

కనుమ: ఎద్దు, ఆవు, మువ్వలు, గారె.

ముక్కనుమ: కోడికూర, సారె, సంచి, బస్సు.

ముక్కనుమకు బస్సు ఎందుకని అడగవచ్చు. కనుమనాడు కాకి కూడా కదలదని సామెత. అందుకని వచ్చినవాళ్ళు కనుమ దాటాకే ప్రయాణం కడతారు.

ముక్క పైన రోజు పేరు పెద్ద అక్షరాలతో రాయాలి. కింద వస్తువు పేరు రాయాలి. మధ్యలో చిన్న బొమ్మ వేయాలి. బొమ్మ ఉంటే చదవటం రానివాళ్ళు కూడా ఆడవచ్చు. బొమ్మ చూస్తూ, పక్కన పేరు చూస్తూ పది ఆటలు ఆడేసరికి ఆ మాట కంటికి అలవాటవుతుంది. అక్షరాలు నేర్చి కొన్నాళ్ళు పుస్తకం పట్టని వాళ్ళకు కూడా ఇది మంచి సాధన.

నలుగురు ఆడితే 16 ముక్కలు. అయిదుగురైతే 20. ఆరుగురైతే 24. ఎంతమంది ఉంటే అన్ని రకాలు ఉండాలి. అయిదో రకానికి మిరప అని పేరు పెట్టవచ్చు: నారు, తోట, కల్లం, టిక్కీ. ఆరో రకానికి పత్తి: విత్తనం, పూత, కాయ, బోరెం.

ఆడే పద్ధతి

1. అందరూ చాప మీద గుండ్రంగా కూర్చోవాలి. ముక్కలు బాగా కలిపి, తలా నాలుగు పంచాలి. ఎవరి ముక్కలు వాళ్ళే చూసుకోవాలి.

2. ఒకే రోజుకు చెందిన నాలుగు ముక్కలు చేతిలోకి తెచ్చుకోవాలి. ఆటంతా ఇదే.

3. ప్రతి ఒక్కరూ తమకు అక్కర్లేని ఒక ముక్క తీసి, బోర్లా పట్టుకోవాలి. ఒకరు "ఒకటి, రెండు, మూడు" అంటారు. మూడు అనగానే అందరూ ఒకేసారి ఆ ముక్కను కుడి పక్కవారికి ఇవ్వాలి. ఎడమ పక్కవారి నుంచి ఒకటి తీసుకోవాలి. ఎప్పుడూ చేతిలో నాలుగే ఉండాలి.

4. నాలుగూ కలిసినవారు "సంకురాత్రి!" అని అరిచి, చాప మధ్యలో అరచెయ్యి ఆనించాలి. మిగతావాళ్ళు వెంటనే ఆ చేతి మీద తమ చేతులు వేయాలి.

5. అడుగున ఉన్న చేతికి 100 మార్కులు. దాని పై చేతికి 75. ఆ పై చేతికి 50. అన్నిటికన్నా పైనున్న చేతికి 25.

6. గెలిచినవారు తమ నాలుగు ముక్కలూ పైకి చదివి చూపించాలి. అవి కలవకపోతే వారికి సున్నా. ఆ ఆట మళ్ళీ మొదలు.

7. ఇలా నాలుగు రోజుల పేరు మీద నాలుగు ఆటలు ఆడాలి. మార్కులు పలక మీద రాసి కూడాలి. ఎవరికి ఎక్కువ వస్తే వారిదే గెలుపు. ఓడినవారు ఒక గొబ్బి పాట పాడాలి, లేదా ఒక పొడుపు కథ వేయాలి.

ముందుకు వంగలేని పెద్దవాళ్ళుంటారు. వాళ్ళు చెయ్యి వేయకపోయినా, తొడ మీద చరిస్తే చాలు. ఆ చప్పుడు ఎన్నోదో అదే వాళ్ళ వరుస.

ఒక ఆట చూద్దాం

నాయనమ్మ, మనవరాలు, నాన్న, అమ్మ ఆడుతున్నారు. మనవరాలి ఎడమ పక్కన నాయనమ్మ ఉంది. కుడి పక్కన నాన్న ఉన్నాడు. మనవరాలికి భోగిమంట, భోగిపళ్ళు, గొబ్బెమ్మ, గారె వచ్చాయి. రెండు భోగి ముక్కలున్నాయి కాబట్టి ఆ పిల్ల భోగిని పట్టుకుంది. నాన్నకు గారె ఇచ్చింది. నాయనమ్మ నుంచి తలంటు వచ్చింది. భోగి ముక్కలు మూడయ్యాయి.

రెండోసారి గొబ్బెమ్మను ఇచ్చేసింది. బస్సు వచ్చింది. మూడోసారి బస్సును ఇచ్చేసింది. పిడకల దండ వచ్చింది. నాలుగూ కలిశాయి!

"సంకురాత్రి!" అంది మనవరాలు.

"ఓసి నీ తెలివి! నా దగ్గరున్న తలంటు నీకే పంపానే!" అంది నాయనమ్మ.

ఆ ఆటలో నాయనమ్మ చెయ్యి అందరికన్నా పైన పడింది. 25 వచ్చాయి. తర్వాతి మూడు ఆటల్లో 100, 75, 100 వచ్చాయి. మొత్తం కూడితే 300.

ఆటలో ఒడుపు

ఈ ఆటలో చెయ్యి చురుగ్గా ఉంటే చాలదు. కన్ను కూడా చురుగ్గా ఉండాలి. కావలసిన ముక్క ఎన్ని చుట్లు తిరిగినా రావటం లేదంటే, ఇంకెవరో దాన్ని పట్టుకున్నారని అర్థం. ఇద్దరూ ఒకే రోజును పట్టుకుంటే ఇద్దరికీ పూర్తికాదు. అప్పుడు ఒకరు పట్టు వదిలి, వేరే రోజుకు మారాలి. ఎప్పుడు వదలాలో తెలిసినవారే ఎక్కువసార్లు గెలుస్తారు.

డబ్బు పెడితే ఏమవుతుంది?

"పందెం లేని ఆట చప్పగా ఉంటుంది" అంటారు కొందరు. ఒక చిన్న లెక్క చూడండి.

నలుగురు తలా 500 రూపాయలు పెట్టారు. మొత్తం 2,000. ఆట నడిపేవాడు తన వాటాగా 100 తీసుకున్నాడు. మిగిలింది 1,900. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, ఆ నలుగురి దగ్గర కలిపి 100 తగ్గింది. ఇలాంటి ఆటలు పది ఆడితే 1,000 తగ్గుతుంది. పేకాటలో కొత్త రూపాయి పుట్టదు. ఒకరి జేబులోది ఇంకొకరి జేబులోకి పోతుంది. కొంత ఆట నడిపేవాడికి పోతుంది.

పండుగ రోజుల్లో పత్తి అమ్మిన డబ్బు ఇంట్లో ఉంటుంది. కానీ దానికి ముందే దారులున్నాయి. మిరప కోతకు కూలీ ఇవ్వాలి. కౌలు కట్టాలి. పురుగుమందుల కొట్టు బాకీ తీర్చాలి. పిల్లల చదువులున్నాయి. ఒక్క రాత్రి పేకాటలో అది పోతే, పండుగ పోయాక ఆ ఇంట్లో ఏడాదంతా గొడవే. ఆటలో ఆడవాళ్ళకు చోటు లేదు. అప్పులో మాత్రం వాళ్ళకూ వాటా ఉంటుంది.

చట్టం కూడా తెలుసుకోవాలి. రమ్మీ ముఖ్యంగా నేర్పు మీద ఆధారపడే ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆట పెట్టించి, ఆ ఆట మీద లాభం తీసుకుంటే నేరం కావచ్చని కూడా ఆ తీర్పులోనే చెప్పింది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం ప్రకారం జూదపు ఇల్లు నడపటం, అక్కడ ఆడటం నేరం. ఇప్పుడు పేకాట సెల్‌ఫోనులోకి కూడా వచ్చింది. అక్కడ అర్ధరాత్రి కూడా చాప ఎత్తరు. అందుకే 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ చట్టాన్ని సవరించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ అలాంటి చట్టం చేసింది.

ముక్కలది తప్పు కాదు. వాటి మీద పెట్టే డబ్బుతోనే చిక్కు. డబ్బు తీసేస్తే అదే చాప మీద నాయనమ్మకు, కోడలికి, అల్లుడికి, మనవలకు అందరికీ చోటుంటుంది. ఓడినవారికి పోయేది ఒక పాటే. దానికి అందరూ నవ్వుతారు, ఓడినవారితో సహా.

చేసి చూడండి

1. మీ ఊళ్ళో కనుమనాడు ఏమేం చేస్తారు? వాటిలో నాలుగు ఎంచి, మీ సొంత కనుమ ముక్కలు రాయండి.

2. ఏడుగురు ఆడితే ఎన్ని ముక్కలు కావాలి? ఏడో రకానికి మీరు ఏ పేరు పెడతారు?

3. ఒకరికి నాలుగు ఆటల్లో 50, 25, 100, 50 మార్కులు వచ్చాయి. మొత్తం ఎంత?