ప్రసవవేళ తోడు

గర్భవతి అయిన కుమార్తెకు ప్రసవవేదన తగ్గడానికి ఏ స్తోత్రం పఠించాలని భక్తులు నన్ను తరచు అడుగుతుంటారు. స్తోత్రం చెబుతాను. దానితోపాటు చరకసంహిత శారీరస్థానంలోని 8వ అధ్యాయం చెప్పే సంగతీ వివరిస్తాను.

తొమ్మిదవ నెల రాకముందే సూతికాగారం సిద్ధం కావాలని అక్కడి విధి. ఎముకలు, రాళ్లు, పెంకులు లేని నేల, తూర్పు లేదా ఉత్తర ద్వారం, నీటి వసతి, ఋతువుకు తగిన సౌఖ్యం ఉండాలి. మనుషులను గురించీ చెప్పారు. పలుమార్లు ప్రసవించినవారు, ఆమెపై వాత్సల్యం గలవారు, క్లేశం సహించగలవారు, విషాదం లేనివారు చుట్టూ ఉండి ఓదార్చాలి. ఈ చివరి విశేషణం దగ్గర నేను ఎప్పుడూ ఆగుతాను. దిగులుపడే బంధువు లోపలికి పోతే ఆ దిగులూ వెంట పోతుంది కదా!

నొప్పి రాకుండా ముక్కవద్దన్నారు. రాని తుమ్మును ప్రయత్నించి తెప్పించలేనట్లే అదీ వృథాశ్రమ. నొప్పి వచ్చి ఆమె ముక్కుతున్నప్పుడు స్త్రీలు ధన్యమైన బిడ్డను కన్నదని హర్షధ్వనులు చేయాలి. ఆ హర్షంతో ఆమె ప్రాణాలు పుంజుకుంటాయట. మూలంలో పుత్రశబ్దమే ఉన్నది. నేను బిడ్డ అనే చెబుతాను.

మా అమ్మాయి కాన్పునాడు ఆసుపత్రివారు తల్లిని బయటే ఉంచారు. ఈ అధ్యాయం ఎన్నోమార్లు చదివిన నేను నోరు మెదపలేదు. అమ్మాయి నేటికీ నొప్పికన్నా ఆ ఒంటరితనాన్నే ఎక్కువగా తలుచుకుంటుంది.

ప్రసవించే స్త్రీకి తాను కోరిన తోడు ఆద్యంతం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. చికిత్స వైద్యులదే. తోడుగా ఎవరిని అనుమతిస్తారో మాత్రం నెలలు నిండకముందే అడిగి తెలుసుకోండి.