ఓటు హక్కు – గుర్తింపు పత్రం

భారత రాజ్యాంగంలోని 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు హక్కును ప్రసాదించింది. 61వ సవరణ ద్వారా 1989లో కనీస వయస్సు 21 నుండి 18 సంవత్సరాలకు తగ్గింది. అయితే ఓటు వేయడానికి రెండు విషయాలు అవసరం. ఓటర్ల జాబితాలో పేరు వుండాలి. వచ్చిన వ్యక్తి ఆ పేరుగల వ్యక్తే అని రుజువు కావాలి. ఈ రెంటికీ గల భేదం తెలియక, గుర్తింపు కార్డు చేతిలో వున్నప్పటికీ ఓటు వేయలేక వెనుదిరిగేవారు వున్నారు.

జాబితాలో పేరు లేకపోవడం ఎంతటి నష్టమో తొలి సార్వత్రిక ఎన్నికలే చాటిచెప్పాయి. 1951–52 ఎన్నికలకు జాబితాలు తయారైనప్పుడు, ఉత్తరాది రాష్ట్రాలలో అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్యగానో కుమార్తెగానో నమోదైనారు. సొంత పేరు లేని నమోదు చెల్లదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిర్ణయించారు. ఫలితంగా దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితాలలో స్థానం కోల్పోయారు.

రెండవ సమస్య దొంగ ఓట్లు. 1962 నుండి వాడుకలో వున్న మైసూరు సిరా ఒకే వ్యక్తి రెండవమారు ఓటు వేయకుండా అడ్డుకుంటుంది. కాని వచ్చిన వ్యక్తి ఎవరో చెప్పజాలదు. ఈ లోటు తీర్చడానికే 1993లో, టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా వున్న కాలంలో, ఫోటో గుర్తింపు కార్డుల జారీకి ఎన్నికల సంఘం ఆదేశించింది.

కార్డు గుర్తింపుకు మాత్రమే ఆధారం. ఓటుకు ఆధారం జాబితా. కార్డు వుండి జాబితాలో పేరు లేనివారు ఓటు వేయలేరు. పేరు వుండి కార్డు పోగొట్టుకున్నవారు ఇతర పత్రాలు చూపవచ్చును. 2024 లోక్‌సభ ఎన్నికలలో ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో గల బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, పాస్‌పోర్టు, ఫోటో గల పింఛను పత్రం మొదలైనవి ఇందుకు అనుమతింపబడినవి. ఓటరు స్లిప్పు ఒక్కటే 2019 నుండి గుర్తింపుగా చెల్లడం లేదు. విదేశాలలో నివసిస్తూ ప్రవాస ఓటర్లుగా నమోదైన తెలుగువారు, ఇతర భారతీయులు అసలు పాస్‌పోర్టునే చూపవలసి వుంటుంది.

తన పేరిట అప్పటికే మరొకరు ఓటు వేసి వెళ్ళినా పౌరుడు నిస్సహాయుడు కాడు. ప్రిసైడింగు అధికారి ప్రశ్నలకు సంతృప్తికరమైన సమాధానాలిస్తే, టెండరు ఓటుగా కాగితపు బ్యాలెట్ పొందవచ్చును. సాధారణ లెక్కింపులో దానిని చేర్చరు; ప్రత్యేకంగా భద్రపరుస్తారు. ఎన్నికపై వివాదం న్యాయస్థానానికి చేరినప్పుడు అది సాక్ష్యంగా నిలుస్తుంది.

కనుక కార్డును పెట్టెలో దాచుకుని నిశ్చింతగా వుండరాదు. ప్రతి ఎన్నికకు ముందు జాబితాలో పేరు సరిచూసుకోవాలి. 17 సంవత్సరాలు నిండిన విద్యార్థులు ముందుగానే ఫారం 6 ద్వారా దరఖాస్తు చేసుకొనవచ్చును. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలు అర్హతకు ప్రమాణం. చదువుకున్న యువతీయువకులు తమ పేర్లతోపాటు ఇంటిలోని, ఇరుగుపొరుగులోని వృద్ధుల, స్త్రీల పేర్లను కూడా పరిశీలించి చెప్పినట్లయితే, పోలింగు నాడు పొరపాటున ఓటు కోల్పోయేవారి సంఖ్య తగ్గుతుంది.