మీకు తెలుసా? జేమ్స్ బాండ్ చేతిలో ఉన్నది ఎయిర్ పిస్టల్!

1963లో విడుదలైన ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ పోస్టర్లలో షాన్ కానరీ ఠీవిగా పట్టుకున్నది బాండ్ వాడే వాల్తర్ పీపీకే కాదు. ఫొటోలు తీసే సమయానికి ఆ పిస్టల్ అందుబాటులో లేదు. దాంతో ఫొటోగ్రాఫర్ డేవిడ్ హర్న్ తన సొంత వాల్తర్ ఎల్‌పీ-53 ఎయిర్ పిస్టల్‌ను ఆయన చేతికిచ్చారు. 2010లో లండన్‌లోని క్రిస్టీస్ వేలంలో అది ఏకంగా 2,77,250 పౌండ్లు పలికింది!

పాత ఎయిర్ గన్‌లు సేకరించేవారు మనసు పారేసుకునే మరో పిస్టల్ 1924లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన వెబ్లీ. దీని గొట్టం వెనక కొసను పైకెత్తి ముందుకు తిప్పితే, కింద సిలిండర్‌లోని స్ప్రింగు బిగుస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు కాకుండా కాల్చేవారి వైపు దూసుకొస్తుంది. అందుకే అంత చిన్న పిస్టల్‌లో అంత పొడవైన గొట్టం ఇమిడింది.

రైఫిళ్లలో లింకన్ జెఫ్రీస్ డిజైన్‌తో 1905 నుంచి బీఎస్ఏ కంపెనీ తయారుచేసినవాటికి ఎంతో గౌరవం. గొట్టం కింద ఉండే లీవర్‌తోనే స్ప్రింగును బిగిస్తారు. గొట్టం కదలదు కాబట్టి గురి చెదరదు.

అమెరికాలో డైసీదే హవా. ఆ కంపెనీ మొదట్లో గాలిమరలు తయారుచేసేది. వాటిని కొన్న రైతులకు ఎయిర్ గన్‌ను కానుకగా ఇచ్చేది. చివరికి గాలిమరలు పోయి, తుపాకులే మిగిలాయి.

మీ ఇంట్లో ఇలాంటి పాత ఎయిర్ గన్ ఉంటే కొత్తగా పాలిష్ పట్టించకండి. మొదటి మెరుగు చెరగని తుపాకీకే సేకర్తలు ఎక్కువ ధర కడతారు.