మీకు తెలుసా? అహోబిలం రాతిలో ఒక 573 ఉంది

ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభం వైపు నడిచేవాళ్లకు నిటారుగా లేచిన రాతి చరియలు కనిపిస్తాయి. ఈ నల్లమల కొండల్లో ఎక్కువగా ఉన్నది క్వార్ట్జైట్. వంద కోట్ల ఏళ్లకు ముందెప్పుడో నీటి అడుగున పేరుకున్న ఇసుక ఇలా గట్టిపడింది. అందులో దాదాపు అంతా పలుగురాయే, అంటే క్వార్ట్జ్. ఆ రాతి పొడిని కొలిమిలో వేడి చేస్తూ పోతే 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని స్ఫటిక నిర్మాణం ఉన్నట్టుండి మారుతుంది. రాయి కరగదు. కరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. పైకి చూస్తే ఏమీ జరిగినట్టుండదు.

మరి మారిందని తెలిసేదెలా? కరగడం, గడ్డకట్టడం అయితే పట్టుకోవడం తేలిక. కలరా ఉండల్లో వాడే నాఫ్తలీన్‌ను పరీక్షనాళికలో కరిగించి, చల్లారనిస్తూ అర నిమిషానికోసారి ఉష్ణోగ్రత రాసుకుని గ్రాఫు గీస్తే సరి. దిగివస్తున్న గీత 80 డిగ్రీల దగ్గర ఆగి అడ్డంగా సాగుతుంది. గడ్డకట్టేటప్పుడు బయటపడే గుప్తోష్ణం ఉష్ణోగ్రతను దిగనివ్వదు. అంతా గడ్డకట్టాకే గీత మళ్లీ కిందికి దిగుతుంది. సరుకులో కల్తీ ఉంటే ఆ అడ్డగీత తిన్నగా నిలవక వాలిపోతుంది. శుద్ధిని పరీక్షించడానికి ఇంత చవకైన పద్ధతి మరొకటి ఉండడం అరుదు. తగరం 232 దగ్గర, సీసం 327 దగ్గర కరుగుతాయి. ఆ రెంటినీ 63:37 పాళ్లలో కలిపిన టంకం మాత్రం 183కే కరుగుతుంది. అదీ ఈ గీతల్లోనే బయటపడుతుంది.

పలుగురాయితో చిక్కేమిటంటే, 573 దగ్గర అది పీల్చుకునే వేడి చాలా కొద్ది. మామూలు గ్రాఫులో ఆనవాలు దొరకదు. దీనికి ఉపాయం 1899లో బ్రిటిష్ లోహశాస్త్రవేత్త రాబర్ట్స్-ఆస్టెన్ ఉక్కు మీద పనిచేస్తూ చూపించాడు. ఒకే కొలిమిలో రెండు మూసలు పక్కపక్కన పెట్టాలి. ఒకదాంట్లో మన రాతి పొడి, రెండోదాంట్లో ఆ వేడికి ఏ మార్పూ చెందని అల్యూమినా పొడి. రెంటిలోనూ ఉష్ణోగ్రతను కొలిచే లోహపు తీగల జత, అంటే థర్మోకపుల్, చెరొకటి పెట్టి, ఎదురెదురుగా కలిపి, వాటి మధ్య తేడాను మాత్రమే చదవాలి. తేడా సున్నా దగ్గరే సాగి సాగి, 573 రాగానే చిన్న గుంట పడుతుంది. చల్లారేటప్పుడు దాదాపు అదే చోట గుంటకు బదులు గూను లేస్తుంది. ఎంత సాదా ఏర్పాటు, ఎంత నిశితమైన చూపు! చాలా పలుగురాళ్లలో ఈ గుర్తు ఒకటి రెండు డిగ్రీలకు మించి అటూ ఇటూ కాదు. అందుకే ప్రయోగశాలల్లో పరికరం సరిగా చదువుతోందో లేదో తేల్చుకోవడానికి క్వార్ట్జ్ పొడినే వాడతారు.

ఈ మార్పును తొలిసారి 1889లో ఫ్రెంచి రసాయనవేత్త లె షాతెలియే కనిపెట్టాడు, అదీ రాయి వ్యాకోచాన్ని కొలుస్తూ. 573 దాటేటప్పుడు రాయి ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అంతే చప్పున కుంచించుకుపోతుంది. ఇసుక కలిసిన మట్టితో కుండలు, పింగాణీ కాల్చేవాళ్లు బట్టీని ఆ దశలో తొందరపడి చల్లార్చకపోవడానికి కారణం ఇదే. చల్లారిస్తే పగుళ్లే.

అహోబిలం ఉన్న జిల్లాలోనే దొరికే బేతంచెర్ల నాపరాయి తీరు వేరు. అది సున్నపురాయి. 800 డిగ్రీలు దాటిన వేడిలో కార్బన్ డయాక్సైడు పోగొట్టుకుని సున్నం అవుతుంది. స్వచ్ఛమైన సున్నపురాయి అయితే నూరు గ్రాములకు 44 గ్రాములు గాలిలో కలుస్తాయి. కొలిమిలో వేలాడే త్రాసు ఉంటే ఆ తరుగుదల క్షణక్షణం కనిపిస్తుంది. చల్లార్చినంత మాత్రాన ఆ బరువు తిరిగి రాదు. పలుగురాయి మాత్రం ఎన్నిసార్లు వేడి చేసినా అదే దారిన వెళ్లి అదే దారిన వస్తుంది.

ఆ మార్పు వేళ పలుగురాయి లోపల పరమాణువులు ఏం చేస్తున్నాయో చూసినవాడు విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్. 1940లో బెంగళూరులో సహ పరిశోధకుడు నెడుంగాడితో కలిసి, వేడెక్కుతున్న క్వార్ట్జ్ స్ఫటికం మీద కాంతి పంపి వర్ణపటం తీశాడు. ఒక రేఖ మాత్రం 573 దగ్గరపడేకొద్దీ పక్కకు జరుగుతూ, వెడల్పవుతూ, మసకబారింది. అంటే పరమాణువుల కంపనాల్లో ఒకటి క్రమంగా సడలిపోతోందన్నమాట. ఘనపదార్థాల్లో కొన్ని ప్రావస్థ మార్పులకు ఇలా సడలే కంపనమే కారణమవుతుందన్న సిద్ధాంతాన్ని బ్రిటన్‌లో భౌతికశాస్త్రవేత్త విలియం కోక్రన్ నిలబెట్టేసరికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.