పడవ ఇంధన ట్యాంకు బిగింపుల మరమ్మత్తు

చిన్న విహార పడవలలో శాశ్వతంగా అమర్చిన పెట్రోలు లేదా డీజిలు ట్యాంకును కదలకుండా పట్టి ఉంచే దిమ్మలు, పట్టీలు, బోల్టులు మొదలైన వాటిని ట్యాంకు బిగింపులు అంటారు. ఇవి వదులైనప్పుడు, తుప్పు పట్టినప్పుడు లేదా వీటికి ఆధారమైన చెక్క కుళ్ళినప్పుడు మరమ్మత్తు అవసరమవుతుంది. ట్యాంకు ఎంతకాలం మన్నుతుందనేది లోహం మందం కంటే ఎక్కువగా దానిని ఎలా కూర్చోబెట్టారన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసం ముఖ్యంగా అమెరికాలో విరివిగా కనిపించే ఫైబర్‌గ్లాసు పడవలలో నేల పలక కింద అమర్చే అల్యూమినియం ట్యాంకుల గురించినది. చేతితో మోసుకుపోగల చిన్న ట్యాంకులకు ఇది వర్తించదు.

బిగింపులపై పడే భారం

పెట్రోలు లీటరుకు సుమారు 0.74 కిలోలు, డీజిలు సుమారు 0.84 కిలోలు తూగుతాయి. అంటే 100 లీటర్ల పెట్రోలు ట్యాంకులో ఇంధనం బరువే 74 కిలోలు. వేగంగా పోయే పడవ అలపై నుండి కిందికి పడినప్పుడు బిగింపులు ఈ బరువుకు కొన్ని రెట్ల బలాన్ని తట్టుకోవాలి. సగం నిండిన ట్యాంకులో ఇంధనం ముందుకూ వెనుకకూ కొట్టుకోవడం వలన కూడా కుదుపు కలుగుతుంది. ఈ కుదుపును తగ్గించడానికే ట్యాంకు లోపల అడ్డుపలకలు పెడతారు.

1971 నాటి సమాఖ్య పడవల భద్రతా చట్టం ఆధారంగా అమెరికా కోస్టుగార్డు చేసిన నియమాల ప్రకారం ట్యాంకు తన బిగింపు వద్ద పావు అంగుళం, అనగా సుమారు 6 మిల్లీమీటర్లకు మించి కదలరాదు. ట్యాంకు పడవ నిర్మాణంలో భాగంగా గానీ, నేల పలకకు ఆధారంగా గానీ ఉండరాదు. లోహపు ట్యాంకుకు ఫోమ్ ఒక్కటే ఆధారం కారాదు. పట్టీకీ ట్యాంకుకూ మధ్య నీటిని పీల్చని పదార్థం ఉండాలి. ఈ నియమాలు ఔట్‌బోర్డు కాని పెట్రోలు ఇంజన్లున్న పడవలకు ఉద్దేశించినవైనా, ఏ పడవ మరమ్మత్తుకైనా మంచి కొలమానమే.

చెడిపోవడానికి కారణాలు

అల్యూమినియం గాలి తగిలినంతకాలం తనపై పలుచని ఆక్సైడు పొరను ఏర్పరచుకొని తనను తాను కాపాడుకుంటుంది. తడిసిన ఫోమ్, తివాచీ ముక్క లేదా చెక్క దానికి అంటుకొని ఉన్నచోట ప్రాణవాయువు అందక ఆ పొర నిలవదు. ఉప్పునీరు తోడైతే లోహం గుంటలు పడి, తెల్లని పొడిగా మారుతుంది. పైనుండి చూస్తే కొత్తదిలా మెరిసే ట్యాంకు అడుగున చిల్లులు పడి ఉండడం అరుదేమీ కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ నేరుగా తగిలినచోట రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరిగి అల్యూమినియమే నష్టపోతుంది. చెద, కుళ్ళు పట్టకుండా రాగి లవణాలతో శుద్ధి చేసిన ప్లైవుడ్ కూడా ఇటువంటి హానే చేస్తుంది. కనుక గట్టి చెక్క కదా అని దానిని దిమ్మలకు వాడరాదు.

పనికి ముందు

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది బిల్జి అని పిలిచే పడవ అడుగుభాగంలో చేరి నిలిచిపోతుంది. గాలిలో దాని పాలు 1.4 నుండి 7.6 శాతం వరకు ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. అందువలన ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం కావచ్చు. పడవను ఆరుబయట ఒడ్డున నిలిపి, బ్యాటరీ తీగలు విప్పి, ఇంధనాన్ని తగిన పంపుతో తోడివేసి, అడుగుభాగానికి బాగా గాలి ఆడనివ్వాలి. మిగిలిన ఇంధనాన్ని ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరుతో పీల్చడం పేలుడును కొనితెచ్చుకోవడమే.

మరమ్మత్తు విధానం

నేల పలక తీసి గొట్టాలు విప్పాక ట్యాంకును పూర్తిగా బయటికి తీయడం మేలు. పాత ఫోమ్‌ను అలాగే ఉంచి పట్టీకి కొత్త స్క్రూలు వేయడం వలన ఒకటి రెండు సీజన్లు గడవవచ్చు గానీ, అడుగున జరిగే తినివేత ఆగదు.

దూలాలను సుత్తితో తట్టి చూస్తే కుళ్ళినచోట మొద్దుబారిన శబ్దం వస్తుంది. స్క్రూ రంధ్రం మాత్రమే వదులైతే దానిని పెద్దదిగా తొలిచి, చిక్కబరచిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్ళీ సన్నని రంధ్రం వేస్తారు. కుళ్ళు అంతకు మించి పాకితే ఆ భాగాన్ని కోసి కొత్త చెక్క వేసి ఫైబర్‌గ్లాసుతో కప్పాలి. స్క్రూ పొడవును ముందే కొలుచుకోవాలి. పడవ అడుగునో ట్యాంకునో పొడిచిన స్క్రూల కథలు మెకానిక్కుల వద్ద కొల్లలు.

ట్యాంకు కూర్చునే చోట నియోప్రీన్ రబ్బరు పట్టీలను పాలీయురెథేన్ జిగురుతో ట్యాంకుకే అతికిస్తారు. జిగురు పట్టీ అంతటా పరచుకొని ఉండాలి. ఖాళీ మిగిలితే నీరు చేరి, ఏ సమస్యను తప్పించడానికి రబ్బరు వేశామో అదే మళ్ళీ మొదలవుతుంది. పట్టీల మధ్య గాలి ఆడేలా, కింద చేరిన నీరు బయటికి పోయేలా దారి వదలాలి.

ట్యాంకుకు వెల్డు చేసిన బిగింపు చెవి మొదట్లో పగులు కనిపిస్తే పైపూత జిగుర్లతో మూయరాదు. దానిని ట్యాంకుల పని తెలిసిన వర్క్‌షాపుకే పంపాలి. పడవలో ఉండగా వెల్డింగు చేయడం నిషిద్ధమని భావించవలెను.

పాలిథీన్ ట్యాంకుల విషయం వేరు. అవి పెట్రోలును కొంత పీల్చుకొని సుమారు 2 శాతం వ్యాకోచిస్తాయి. మీటరు పొడవున్న ట్యాంకు 20 మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక చుట్టూ ఖాళీ వదలాలి, పట్టీని మరీ బిగించరాదు.

పరీక్ష

తిరిగి అమర్చాక ట్యాంకును, గొట్టాలను సుమారు 20 కిలోపాస్కల్ పీడనంతో పరీక్షించి, కీళ్ళ వద్ద సబ్బునీరు పూసి బుడగలు వస్తాయేమో చూస్తారు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసరును నేరుగా కలిపితే ట్యాంకు ఉబ్బి అతుకులు విడిపోవచ్చు. స్థిర విద్యుత్తు వలన రవ్వ పుట్టకుండా లోహపు ట్యాంకును, ఇంధనం పోసే మూతిని భూమితీగకు కలపాలి. ఆ మార్గంలో నిరోధం 100 ఓముల కంటే తక్కువగా ఉండాలి. మొదటిసారి ఇంధనం నింపి కొంతదూరం నడిపాక రబ్బరు కొంత అణుగుతుంది కాబట్టి బోల్టులను మరొకసారి సరిచూసి, ఆ తరువాతే నేల పలకను శాశ్వతంగా మూయాలి.