పిల్లల కొలతకు తగ్గ ఫుట్‌బాల్

హైదరాబాద్ స్వర్ణయుగం, అనంతపురం గ్రామాల లీగ్ నేర్పిన పాఠాలు పామర్రు వంటి డెల్టా పట్టణానికి చూపే దారి

ఫుట్‌బాల్‌లో బాల క్రీడాకారులను తయారుచేయడమంటే వందమందిలోంచి చురుకైన పదకొండుమందిని ఏరి, జెర్సీలు తొడిగించి, పోటీలకు పంపడమేనన్న అభిప్రాయం మన పాఠశాలల్లోను, పట్టణ క్లబ్బుల్లోను బలంగా పాతుకుపోయింది. ఈ ఆటలో పేరు గడించిన ప్రాంతాల చరిత్రను పరిశీలిస్తే, ఎంపికకు చాలా ముందే జరగవలసిన పని మరొకటి ఉందని, మైదానాన్ని, బంతిని, నియమాలను, పోటీల క్రమాన్ని పిల్లల వయసుకు తగ్గట్టు మలచడమే ఆ పని అని తెలుస్తుంది. అది జరిగిన చోట సాధారణ ఇళ్లలోంచి అసాధారణ ఆటగాళ్లు వచ్చారు. జరగని చోట ఎంత ప్రతిభ ఉన్నా పదహారేళ్లకే ఆట మానేసిన యువకులు మిగిలారు.

రహీం సాబ్ చూపిన బాట

ఇందుకు ఉదాహరణ కోసం దూరదేశాలు వెతకనక్కరలేదు. 1909లో హైదరాబాద్‌లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. 1943 నుంచి 1963 జూన్‌లో మరణించేవరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉంటూ, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు, భారత జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆయన హయాంలో పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరసగా 5 సార్లు గెలుచుకోగా, భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణాన్ని సాధించి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో విడుదలైన హిందీ చిత్రం ‘మైదాన్’ ఈ విజయాలను మళ్లీ ప్రజల దృష్టికి తెచ్చినా, వాటికి పునాది వేసిన స్థానిక పోటీల గురించి తెలిసినవారు తక్కువే.

రహీం హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ లేని పోటీలు నడిపించారు. బంతిని పాదాల చెంతనే ఉంచుకొని ప్రత్యర్థిని తప్పించుకుంటూ పరుగెత్తడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. దాన్ని నిషేధించినప్పుడు బంతి తన వద్దకు రాకముందే సహచరులు ఎక్కడ ఉన్నారో చూసుకోవలసిన అవసరం ప్రతి ఆటగాడికీ కలుగుతుంది కనుక, పాస్ ఇచ్చే వేగం, చుట్టూ గమనించే అలవాటు వాటంతటవే పెరుగుతాయి. అలవాటైన కాలిని పక్కనబెట్టి బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు కూడా ఆయన ఏర్పాటు చేశారు. ఉపన్యాసంతోనో శిక్షతోనో నేర్పలేని నైపుణ్యాన్ని ఒక్క నియమం మార్చి పిల్లలచేత తామే కనుక్కునేలా చేయడం బోధనశాస్త్రం తెలిసిన ఉపాధ్యాయుడికే తట్టే ఉపాయం. ఇప్పుడు ప్రపంచమంతటా శిక్షకులకు నేర్పుతున్న ‘నియమాలతో కూడిన చిన్న ఆటలు’ అనే పద్ధతికి, పేరు లేకపోయినా, ఇది పూర్వరూపమే.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టి 1956, 1960 ఒలింపిక్స్ ఆడిన తులసీదాస్ బలరామన్ వంటివారు ఈ వాతావరణంలోనే ఎదిగారు. రాష్ట్రాల జట్లు తలపడే జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58లలోను, ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లోను గెలిచాయి. ఆ తర్వాత ఆ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు. మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు తరలిపోవడం, ఉద్యోగాలిచ్చి ఆడించిన సంస్థల జట్లు క్షీణించడం, రహీం వంటి నిర్వాహకుడి స్థానం ఖాళీగా మిగలడం అందుకు కారణాలని చెప్పవచ్చు. వీటిలో ఏదీ పిల్లల్లో ప్రతిభ తగ్గిందని చెప్పే కారణం కాదు.

పదిహేను సెంట్ల మైదానం

అంతర్జాతీయ కొలతల మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పుతో సుమారు ఎకరం ముప్పావు విస్తీర్ణంలో ఉంటుంది. అందులో తొమ్మిదేళ్ల పిల్లలను ఇరవైరెండుమందిని దింపితే, కాలి బలం ఉన్న ఒకరిద్దరు బంతిని దూరం తన్నడం, మిగిలినవారు దాని వెనుక గుంపుగా పరుగెత్తడం తప్ప ఆట సాగదు. జట్టుకు నలుగురు చొప్పున, 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల గీతల్లో ఆడిస్తే ఒక్క బంతిని పంచుకునేది ఎనిమిదిమందే కనుక, ప్రతి ఒక్కరికీ బంతి అందే వాటా సగటున రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. దాచడం, అందించడం, లాక్కోవడం, మళ్లీ ఖాళీలోకి వెళ్లడం అనే నిర్ణయాలు నిమిషనిమిషానికీ ఎదురవుతాయి. ఇంతటి ఆటకు కావలసిన స్థలం పదిహేను సెంట్లు మాత్రమే. వయసు పెరిగేకొద్దీ జట్టును ఏడుగురికి, తొమ్మిదిమందికి పెంచుతూ, సుమారు పద్నాలుగో ఏట పదకొండుమంది ఆటకు చేర్చడం అనేక దేశాల్లో అనుసరిస్తున్న క్రమం.

బంతి విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పెద్దల ఆటలో వాడే 5వ సైజు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. ఎనిమిది నుంచి పన్నెండేళ్లవారికి 4వ సైజు, అంతకంటే చిన్నవారికి 3వ సైజు తగినవి. తలతో బంతిని కొట్టడాన్ని పదేళ్లలోపు పిల్లలకు అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే నిషేధించింది.

పామర్రుకు సమీపంలోని కూచిపూడిలో నాట్యం నేర్చే పిల్లలు ‘అడవు’లనే ప్రాథమిక అడుగులతో మొదలుపెట్టి, వాటిని వందలసార్లు సాధన చేశాకే పాత్రలోకి వెళతారు; అక్కడ అడుగు ఎప్పుడు వేయాలో తాళం ముందే నిర్ణయిస్తుంది. ఫుట్‌బాల్‌లో ఆ నిర్ణయం ఎదుటి ఆటగాడి కదలికపై ఆధారపడుతుంది కనుక, శంఖువుల మధ్య బంతిని నడిపించే ఒంటరి సాధన ఎంత చేసినా, ప్రత్యర్థి లేని అభ్యాసం సగం విద్యగానే మిగులుతుంది. నలుగురు వలయంగా నిలబడి బంతిని అందించుకుంటుంటే మధ్యలో ఉన్న ఒకరు దాన్ని లాక్కునే ‘రోండో’ వంటి అభ్యాసాలకు శిక్షణలో అంత ప్రాముఖ్యం లభించడానికి కారణం ఇదే.

పుట్టిన నెల, పెరిగే ఎముక

తొందరపాటు ఎంపిక వల్ల కలిగే నష్టాన్ని పరిశోధకులు ‘సాపేక్ష వయోప్రభావం’ అంటారు. వయోవిభాగాన్ని జనవరి 1తో లెక్కించినప్పుడు, జనవరిలో పుట్టిన బాలుడు, డిసెంబరులో పుట్టిన బాలుడు ఒకే విభాగంలోకి వస్తారు. పదేళ్ల ప్రాయంలో పదకొండు నెలల తేడా ఎత్తులోను, బలంలోను స్పష్టంగా కనిపించడంతో మొదటివాడు ప్రతిభావంతుడిగా, రెండోవాడు అశక్తుడిగా ముద్రపడతారు. 1985లో కెనడా హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలను పరిశీలించిన అధ్యయనం ఈ అసమానతను వెలుగులోకి తేగా, తర్వాత అనేక దేశాల ఫుట్‌బాల్‌లోనూ అదే ధోరణి బయటపడింది. పెద్ద పిల్లలను చిన్న విభాగంలో ఆడించే మోసం దీనికి తోడైతే, నిజమైన వయసు గలవారికి చోటే దక్కదు. అందుకే జాతీయస్థాయి పోటీల్లో మణికట్టు ఎముకల ఎదుగుదలను ఎక్స్‌రే ద్వారా అంచనా వేసే ‘టీడబ్ల్యూ3’ పరీక్షను మన దేశంలో ఉపయోగిస్తున్నారు.

ఎదుగుదల వేగం పుంజుకునే పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య మోకాలి చిప్పకు కిందనున్న ఎముక గుబ్బ వద్ద నొప్పి రావడం బాలుర్లో తరచుగా కనిపిస్తుంది. ఓస్‌గుడ్-ష్లాటర్ అనే ఈ స్థితిలో పరుగు, గెంతు తగ్గించడం అవసరం కాగా, బద్ధకమని నిందించి పరుగులు పెట్టించే శిక్షకుల వల్ల బాధ ముదురుతుంది. గాయాల నివారణకు రూపొందిన ‘ఫిఫా 11+ కిడ్స్’ అనే వార్మప్ క్రమాన్ని నాలుగు ఐరోపా దేశాల క్లబ్బుల్లో పరీక్షించినప్పుడు పిల్లల గాయాలు 48 శాతం తగ్గాయి. ఈ వ్యాయామాలకు ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు.

సార్వాకు, కాలువకు తగ్గ క్యాలెండరు

కృష్ణా డెల్టాలో ఆటస్థలాన్ని శాసించేది నేల, నీరు. నల్లరేగడి వానాకాలంలో కాళ్లకు అంటుకుపోయి రోజులతరబడి ఆరదు, వేసవిలో నెర్రెలు విచ్చి చీలమండలకు ముప్పు తెస్తుంది. కాలువల్లోకి నీరు వదిలాక మొదలయ్యే సార్వా వరి నవంబరు, డిసెంబరుల వరకు చేలను ఆక్రమిస్తుంది. కోతకు ముందే చల్లిన మినుము వంటి అపరాలు చేతికొచ్చాక, మార్చి నుంచి మళ్లీ నీరు వచ్చేవరకు చేలు ఖాళీగా ఉన్నా ఎండ తీవ్రత వల్ల ఉదయం, సాయంత్రం తప్ప ఆడటం క్షేమం కాదు. కాబట్టి పాఠశాల ఆవరణలో పాతిక సెంట్ల భాగాన్ని ఇసుకతో మెరకచేసి, నడుమ నుంచి అంచులకు వాలు ఇచ్చి, నీరు పోయే దారి కల్పించడం ఏ కప్పు గెలవడం కంటే ముందు జరగవలసిన పని.

పోటీల క్రమమూ ఇలాగే మారాలి. పాఠశాల క్రీడా సమాఖ్య 14, 17, 19 ఏళ్లలోపు విభాగాల్లో నిర్వహించే ఎంపికలు, పోటీలు కొద్ది రోజుల్లో ముగుస్తాయి. ఓడిన జట్టు ఇంటికి వెళ్లే నాకౌట్ పద్ధతిలో, శిక్షణ ఎక్కువగా అవసరమైన పిల్లలకే ఆడే అవకాశం తక్కువగా దక్కుతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో ప్రారంభించిన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీల్లో క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్‌లకు చోటు లభించినా ఫుట్‌బాల్‌కు దక్కలేదు. ఇందుకు భిన్నమైన నమూనా అనంతపురంలో ఉంది: విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు తన క్రీడాగ్రామం ద్వారా, స్పెయిన్‌లోని లా లిగా ఫౌండేషన్ సహకారంతో, గ్రామాల పిల్లలకు నెలలతరబడి సాగే లీగ్ పోటీలను అందుబాటులోకి తెచ్చింది. లీగ్‌లో ఓడిన జట్టు మరుసటి వారం మళ్లీ ఆడుతుంది. తప్పు దిద్దుకునే వ్యవధి అక్కడే దొరుకుతుంది.

పామర్రుకు ఈ విషయంలో భౌగోళికమైన అనుకూలత ఉంది. 65, 165 జాతీయ రహదారులు కలిసే ఈ కూడలి నుంచి ఉయ్యూరు, గుడివాడ, మచిలీపట్నం, చల్లపల్లి ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగి రాగల దూరంలోనే ఉన్నాయి కనుక, ఐదారు ఊళ్ల జట్లతో ఆదివారపు లీగ్ నడపడానికి వసతి గృహాలు అవసరపడవు.

మిగిలిన లోటు శిక్షకులది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మెట్లవారీగా శిక్షక లైసెన్సులు ఇస్తోంది. వ్యాయామ ఉపాధ్యాయుల్లో కొందరినైనా తొలి మెట్టుకు పంపడం క్లబ్బులు పెట్టగల ఉత్తమమైన ఖర్చు. అప్పటికి సుమారు 3.3 లక్షల జనాభా గల ఐస్‌లాండ్ చిన్నపిల్లలకు సైతం లైసెన్సు పొందిన శిక్షకులను నియమించి, 2016 యూరో పోటీల్లో ఇంగ్లండ్‌ను 2-1తో ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. బాలికల విషయంలో నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి 2022లో క్రొయేషియా క్లబ్బు డినమో జాగ్రెబ్‌కు ఎంపికైన గుగులోత్ సౌమ్య ప్రస్థానం, చిన్న పట్టణం అడ్డంకి కాదని నిరూపించింది.

కనుక ఒక బాలల క్లబ్బు విలువను అలమారలోని కప్పులతో తూచడం పొరపాటు. పన్నెండేళ్ల ప్రాయంలో చేరిన పిల్లల్లో ఎందరు పదహారేళ్లకు కూడా ఆడుతున్నారు, డిసెంబరులో పుట్టినవారికి ఎన్ని నిమిషాల ఆట దక్కింది, ఎందరు బాలికలు మైదానానికి వస్తున్నారు అన్న లెక్కలను ఏటా రాసిపెట్టి తల్లిదండ్రుల ముందుంచే క్లబ్బుకే క్రీడాకారులను పెంచుతున్నామని చెప్పుకునే హక్కు ఉంటుంది. ఆ లెక్క పుస్తకానికి మొదటి పేజీ తెరవడానికి పదిహేను సెంట్ల నేల, రెండు బంతులు, రెండు సంవత్సరాలైనా మానకుండా వచ్చే ఒక శిక్షకుడు చాలు.