పాత గ్రంథాల పుటలపై తెలియని పూతలు: గుర్తించిన పిమ్మటే శుద్ధి

పాత గ్రంథాలు, రిజిస్టర్ల పుటలపై కొన్నిచోట్ల మెరిసే పొర గాని, పసుపు ఛాయ గల జిగురు గాని కనిపిస్తుంది. అది ఏమిటో నిర్ధారించుకొనకుండా శుద్ధి చేసినచో అక్షరాలకే ముప్పు వాటిల్లుతుంది. పుప్పాలగూడ వంటి గ్రామాలలో భూముల విలువ ఎన్నో రెట్లు పెరిగింది. అక్కడి హక్కుల పరిశీలనలో నిజాం కాలపు సేత్వార్లు, 1954-55 నాటి ఖాస్రా పహాణీలు నేటికీ ఆధారాలుగా ఉన్నాయి. వాటిలో ఒక్క సర్వే నంబరు చెరిగినా అది వివాదానికి దారితీయవచ్చును.

పూతలు రెండు విధాలు. మొదటిది కాగితం తయారీలో చేరినది. మన దేశంలో చేతి కాగితానికి గంజి పూసి, నునుపైన రాతితో మెరుగు పెట్టేవారు. ఐరోపాలో జంతు చర్మాల నుండి తీసిన జిలటిన్ వాడేవారు. 19వ శతాబ్దపు యంత్ర కాగితంలో పటిక, రోసిన్ కలిపేవారు. వాటి ఆమ్లగుణం వలన ఆ కాగితం పెళుసుబారుతుంది. రెండవది మరమ్మతులో చేరినది. గంజితో అతికించిన పట్టు షిఫాన్, సెల్యులోజ్ అసిటేట్ పొర ఈ కోవలోనివి. అసిటోన్ సహాయంతో అసిటేట్ పొరను చేతితో అతికించే విధానాన్ని 1950వ దశకంలో జాతీయ అభిలేఖాగారం రూపొందించింది.

పరీక్షలను హాని లేని వాటితో ప్రారంభించవలెను. ముందుగా పక్కనుండి పడే వెలుతురులో భూతద్దంతో చూడవలెను. అతినీలలోహిత దీపం కింద లక్క పూత సాధారణంగా నారింజ రంగులో వెలుగుతుంది. పరారుణ వర్ణపట పరీక్ష ద్వారా గంజి, జిలటిన్, రెసిన్, అసిటేట్‌లను వేరుగా గుర్తించవచ్చును. ఆ సదుపాయం లేనిచోట, ఊడిపడిన రేణువుపై మాత్రమే రసాయన పరీక్ష జరపవలెను. అయొడిన్ తగిలిన గంజి నీలిరంగుకు మారుతుంది. అసిటేట్ అసిటోన్‌లో కరుగుతుంది. శిథిలమవుతున్న అసిటేట్ నుండి వెనిగర్ వాసన రావచ్చును.

ఈ జాగ్రత్తకు కారణం స్పష్టం. తడి తగిలితే జిలటిన్ ఉబ్బుతుంది, గంజి అతుకు వదులవుతుంది, కొన్ని సిరాలు పాకుతాయి. అసిటోన్ కొన్ని ముద్రల సిరాను కరిగిస్తుంది. ఒక పూతకు మందైనది మరొక పూతకు చేటు కాగలదు.

కావున రికార్డు గదుల సిబ్బంది తడిగుడ్డతో తుడవరాదు, అంటుకునే టేపు వాడరాదు. అనుమానం కలిగిన పుటను ఛాయాచిత్రం తీయించి, నిపుణులైన పరిరక్షకులకు చూపవలెను. జరిపిన ప్రతి పరీక్షను, దాని ఫలితాన్ని తేదీతో సహా నమోదు చేయవలెను.